చెవులపిల్ల కుడి కన్ను

మా ఇంట్లో కుందేలు ఉందంటే ఎల్లారెడ్డిలో ఇప్పటికీ నన్ను వింతగా చూసేవాళ్ళున్నారు. మేకను పెంచితే ఎవరూ ఏమీ అడగరు, కోళ్ళయితే అసలే అడగరు. "పాలియ్యదు, గుడ్డు పెట్టదు, ఇల్లు గాయదు, ఏం జేసుకుంటరే దాన్ని?" అని మా వాడకట్టు ఆమె ఒకతె మొహం మీదే అడిగింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "మరి నువ్వేం జేస్తున్నవు మీ ఇంట్ల?" అన్నాను. ఆ తర్వాత చాలా రోజులు ఆమె జాకెట్లు కుట్టించుకోవడానికి నా దగ్గరికి రాలేదు.

దాన్ని తెచ్చింది మా ఆయన. ఆయన మస్కట్‌లో పనిచేస్తాడు, రెండేళ్ళకోసారి వస్తాడు. పోయినసారి సెలవు అయిపోయే ముందు ఏదో పని మీద కామారెడ్డి పోయి, సాయంత్రం చిల్లులు పొడిచిన అట్టపెట్టె పట్టుకుని బస్సు దిగాడు. లోపల తెల్లటి కుందేలుపిల్ల ఉంది. చెవులు మాత్రం బూడిద రంగు. "మీరిద్దరు ఎట్లాగు మాట్లాడుకోరు. దీనితోనన్న మాట్లాడుండ్రి" అన్నాడు.

మీరిద్దరూ అంటే నేనూ మా అత్తమ్మా. మా మధ్య కొట్లాటలేమీ లేవు. మాట్లాడుకోవడానికే ఏమీ లేదు. ముందు గదిలో నేను కుట్టుమిషన్ తొక్కుతాను, వెనక వసారాలో ఆమె బీడీలు చుడుతుంది. మధ్యలో తలుపుంది, అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నీళ్ళొచ్చాయి, కరెంటు పోయింది, అన్నం పెట్టాలా. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి మా మాటలు అంతవరకే. మాకు పిల్లల్లేరు. దాని గురించి ఇక్కడ చెప్పను.

అత్తమ్మ చేతుల గురించి మాత్రం చెప్పాలి. చిన్నపిల్లగా ఉన్నప్పుడే చాట ఒడిలో పెట్టుకుని కూర్చున్న మనిషి. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, మొన మడవడం. ఆమె గోళ్ళు పసుపుపచ్చగా మారిపోయాయి, వేళ్ళ చివరలు కాయలు కాశాయి. ఆ వాసన స్నానం చేసినా పోదు. తల్లి బీడీలు చుట్టిన ఇండ్లలో పెరిగినవాళ్ళకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. ఆ చేత్తో కలిపిన అన్నం చేదుగా ఉంటుంది.

మా పెళ్ళయిన కొత్తలో మా ఆయన ఒకసారి నవ్వుతూ చెప్పాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ ముద్ద కలిపి నోటికి అందిస్తే, చేదు, చేదు అని మొహం తిప్పుకునేవాడట. అందుకని వాళ్ళ నాయనమ్మే తినిపించేదట. ఆయనకది తమాషా. అప్పుడు అత్తమ్మ తలుపుకు ఆ పక్కనే ఉంది. నేను చూస్తుండగానే తన రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుంది. గరిటె లేకుండా ఆమె ఎవరికీ ఏమీ పెట్టదన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది. ఆఖరికి పక్కింటి పిల్లలకు చాక్లెట్ ఇవ్వాలన్నా అరుగు మీద పెట్టి తీసుకోమంటుంది, చేతికి ఇవ్వదు. అంతకు ముందు ఇదంతా ఆమె బెట్టు అనుకునేదాన్ని.

కుందేలు వచ్చిన మర్నాడు అత్తమ్మ వసారాలో చాయ్ తాగుతోంది. అది మెల్లగా చాట పక్కకు వెళ్ళి, వెనక కాళ్ళ మీద లేచి నిలబడి, ఆమె వేళ్ళ మధ్య ఉన్న బిస్కెట్ ముక్కను అందుకుని తినేసింది. తిన్నాక ఆ వేళ్ళను కూడా నాకింది. అత్తమ్మ కాసేపు తన చేతిని చూసుకుంది. తర్వాత నన్ను చూసింది.

"దీనికి చేదు తెలుస్తలేదా ఏంది?" అంది.

"తీపి బిస్కెట్ గద అత్తమ్మా" అన్నాను.

నీళ్ళూ కరెంటూ అన్నమూ కాకుండా ఆమె నన్నడిగిన మొదటి మాట అదే అనుకుంటా.

ఇక ఆ రోజు నుంచి చూడాలి. చాయ్‌లో ముంచిన బిస్కెట్, పాలలో నానబెట్టిన బ్రెడ్డు, మెత్తటి అన్నం, మరమరాలు. అన్నీ చేత్తోనే. అది చాట అంచు కింద పడుకునేది, ఆకలైతే ఆమె మోకాలును మూతితో పొడిచేది. "ఏందే చెవులపిల్లా, ఇప్పుడే గద తిన్నవు" అని గదమాయిస్తూనే పెట్టేది. రోజంతా దానితో ముచ్చట్లు. ఈసారి ఆకు బాగా రాలేదని, కార్ఖానాలో కట్టలు ఏరి పక్కన పడేశారని, ఎదురింటి కోడలు పుట్టింటికి పోయిందని. మిషన్ ఆపినప్పుడల్లా నాకు వినపడేది. ఇన్నేళ్ళలో నాకు తెలియని మా వాడకట్టు ముచ్చట్లన్నీ ఆ కుందేలు పుణ్యమా అని తెలిశాయి. వానాకాలం పోయి చలి మొదలయ్యేసరికి అది మా ఇద్దరికంటే బాగా బలిసింది.

చలికాలంలోనే దాని కుడి కన్ను కారడం మొదలైంది. ముందు కన్ను కింద బొచ్చు తడిగా ఉండేది. తర్వాత ఆ తడి అట్టకట్టి, బొచ్చు ఊడి, లోపలి గులాబీ చర్మం బయటపడింది. అది ముందు కాలితో మొహం తుడుచుకుని తుడుచుకుని ఆ కాలు కూడా తడిసిపోయేది. అత్తమ్మకే ముందు కనిపించింది. "దీని కన్ను ఎందుకో కారుతున్నదే" అని కొంగు అందుకుని తుడిచింది.

కొంగుతో తుడవడంలో వింతేముంది? మా దగ్గర అన్నిటికీ కొంగే. పిల్లల ముక్కుకు కొంగు, తిన్న మూతికి కొంగు, చుట్టం వస్తే కుర్చీ దులపడానికి కొంగు, ఏడుపొస్తే కొంగు. ఆమె బీడీ చుట్టేది, తంబాకు చేతులు ఒడిలో దులుపుకునేది, వంగి కుందేలు కన్ను కొంగుతో అద్దేది, మళ్ళీ బీడీ అందుకునేది. రోజంతా అదే వరుస. అంత ప్రేమగా ఆమె ఇంకెవరినీ ముట్టుకోగా నేను చూడలేదు.

వచ్చినవాళ్ళంతా ఒక వైద్యం చెప్పి పోయారు. ఆముదం పెట్టమని ఒకరు, చనుబాలు పిండమని ఒకరు. అత్తమ్మ తన కంటి ఆపరేషన్ అప్పుడు ఇచ్చిన చుక్కల మందు సీసా అల్మారాలోంచి వెతికి తీసింది. "మనిషి కంటికి పనిచేసింది దీనికి పనిచెయ్యదా?" అంటుంది. నేను ఆ సీసా గుంజుకుని మిషన్ సొరుగులో పడేసి తాళం వేశాను. ఆమె నా మీద అలిగింది. అలిగినా నాతో మాట్లాడేదేముంది కనక, పెద్దగా తేడా తెలియలేదు.

కన్ను ఎర్రబడింది, సగం మూసుకుపోయింది, పాలలాంటి చిక్కటి రసి కారడం మొదలైంది. అప్పుడే ఆ వాడకట్టు ఆమె మళ్ళీ జాకెట్ పట్టుకుని వచ్చింది. కుందేలును చూసి, ఏదో మామూలు మాటలాగా, "ఆ తంబాకు ఘాటుకే పోతున్నది దాని కన్ను. మీ అత్త చేతులల్ల ఇసమున్నది గదనే" అనేసి, కొలతలిచ్చి వెళ్ళిపోయింది.

తలుపు తెరిచే ఉంటుందని చెప్పాను కదా. ఆ మధ్యాహ్నం అత్తమ్మ చాట తీసి గోడకు ఆనించింది. తంబాకు డబ్బా అటక మీద పెట్టించింది. కుందేలు బుట్ట తెచ్చి నా మిషన్ పక్కన పెట్టి, వెనక్కి వెళ్ళి వసారాలో కూర్చుంది, చేతులు కొంగులో చుట్టుకుని. మామయ్య చనిపోయి దినాలు అయిన తెల్లారే చాట ముందేసుకున్న మనిషి ఆమె. ఆ చేతులు ఊరికే ఉండగా నేనెన్నడూ చూడలేదు. కుందేలు నా గదిలోంచి దుంకి ఆమె దగ్గరికి పోయేది. ఆమె కాలితో మెల్లగా పక్కకు జరిపేది. అది మళ్ళీ పోయేది.

"పోతదా దాని కన్ను?" అని అడిగింది ఒక రోజు.

"పోదు."

"పోతె మాత్రం నా చేతులతోనే పోయినట్టు" అంది.

కుందేలును తీసుకుని మా ఊళ్ళోనే పశువుల డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన చూసి, ఉన్నమాట చెప్పాడు. "నేను బర్లను, మేకలను చూసేటోణ్ణమ్మా. దీని నోట్లె చూసే సామాన్లు నా దగ్గర లెవ్వు. కామారెడ్డిల ఇసువంటివి చూసే డాక్టర్ ఉన్నడు, ఆలిస్యం చెయ్యకు" అన్నాడు. కన్ను కారుతుంటే నోట్లో చూడడమేమిటో నాకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున అత్తమ్మను కూడా బయల్దేరమన్నాను. రానంది. "నువ్వు రాకుంటె అది బస్సుల ఆగది. నేను ఇడిసిపెట్టి వస్త దాన్ని" అని గట్టిగా అన్నాను. గట్టిగా అంటే తప్ప మా ఇంట్లో పని కాదు. ఆమె చీర మార్చుకుని వచ్చింది. బస్సులో బుట్టను ఆమె ఒడిలో పెట్టాను. చేతులు బుట్టకు తగలకుండా మధ్యలో తువ్వాల పరుచుకుంది.

కండక్టర్ మా ఆధార్ కార్డులు చూసి జీరో టికెట్లు కొట్టి, బుట్టలోకి తొంగిచూశాడు. "ఇది మొగదా ఆడదా?"

"ఆడదే" అన్నాను.

"అయితె ఫ్రీనే. గని ఆధార్ ఏది మరి?" అన్నాడు. బస్సులో వాళ్ళంతా నవ్వారు. అత్తమ్మ నవ్వలేదు. లింగంపేట దాటింది, తాడ్వాయి దాటింది, ఆమె చూపు బుట్ట మీంచి కదల్లేదు.

కామారెడ్డిలో ఆ డాక్టర్ గది నిండా కుక్కలు. వాటి అరుపులకు బుట్టలో కుందేలు రాయిలా బిగుసుకుపోయింది. మా వంతు వచ్చాక డాక్టర్ దాన్ని బల్ల మీద తువ్వాలలో చుట్టి, కంటి సంగతి అడగకుండా ముందు తిండి సంగతి అడిగాడు. నేను చెప్పాను. బిస్కెట్, బ్రెడ్డు, అన్నం.

"గడ్డి?"

"గడ్డికి మందులు కొడుతరు గద సారూ. దానికేమన్న అయితదని పెట్టలే" అంది అత్తమ్మ.

ఆయన దాని పెదవి ఎత్తి, చిన్న లైటు వేసి లోపల చూశాడు. మమ్మల్ని కూడా చూడమన్నాడు. పళ్ళు పొడుగ్గా పెరిగి పక్కకు ఒరిగి ఉన్నాయి. "కుందేలు పండ్లు సచ్చేదాక పెరుగుతనే ఉంటయి పెద్దమ్మా. దినమంత గడ్డి నమిలితెనే అరుగుతయి. మెత్తటిది తింటె అరగయి. పైకి పెరిగినట్టే లోపలికి వేర్లు గూడ పెరుగుతయి. కంట్ల నీళ్ళు ముక్కులకు పోయే సన్నటి తొవ్వ సరిగ్గ ఆ వేర్ల పక్కకెళ్ళే పోతది. వేరు ఒత్తితె తొవ్వ మూసుకుంటది. మోరి జామ్ అయితె నీళ్ళు ఏడికి పోతయి? బయటికే గద" అన్నాడు.

తర్వాత రెండు కళ్ళలోనూ పసుపుపచ్చటి రంగు చుక్కలు వేశాడు. దారి బాగుంటే ఆ రంగు కంట్లోంచి ముక్కులోకి దిగుతుందట. ముగ్గురం దాని ముక్కు వైపే చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి ఎడమ ముక్కు రంధ్రం దగ్గర పచ్చటి తడి కనిపించింది. కుడి వైపు రాలేదు. ఇంకాసేపు చూశాం. రాలేదు. అత్తమ్మ పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి తలుచుకుందో తెలియదు.

డాక్టర్ గదిలో లైటు ఆర్పి, నీలిరంగు లైటుతో కుడి కన్ను చూశాడు. నల్లగుడ్డు కింది భాగంలో సన్నటి పచ్చగీత మెరిసింది. "ఇక్కడ గీసుకున్నది. దేనితోనన్న తుడుస్తున్నరా?"

అత్తమ్మ కొంగు ముందుకు చాపింది. బస్సెక్కే ముందు చీర మార్చుకుంది కానీ, ఆమె చీరలన్నిటికీ ఆ వాసనే, ఆ పొడే. డాక్టర్ కొంగు అంచును వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు.

"బీడీలా?"

"బీడీలే సారూ."

"చూడు పెద్దమ్మా. నీ తంబాకుతోని మొదలుగాలే ఇది, పండ్లతోనే మొదలైంది. గని నీ కొంగు దాన్ని మానియ్యలే. తంబాకు పొడి కంట్ల ఇసుక లెక్క గీరింది."

"మరి చుట్టుడు బందు పెట్టాల్నా?"

"ఎందుకు బందు పెట్టుడు? చుట్టుకో. చుట్టేటప్పుడు దాన్ని దూరముంచు. ముట్టేముందు సబ్బుతోని మోచేతుల దాక కడుక్కో, అది చేతులు నాకుతది గద, తంబాకు కడుపులకు గూడ పోవద్దు. మెత్తటి పాతబట్ట, కాచి సల్లార్చిన నీళ్ళు. ముక్కు దిక్కుకెళ్ళి బయటికి తుడువు. ఒక కంటికి తుడిచిన బట్ట ఇంకో కంటికి పెట్టకు. కొంగు మాత్రం ఆనియ్యకు."

ఆయన ఆమెను తప్పుపట్టినట్టుగా ఏమీ అనలేదు. కానీ అత్తమ్మ గోడవైపు తిరిగి, తనలో తను అన్నట్టుగా, "తినవెట్టింది నేనే, తుడిచింది నేనే" అంది. ఆ మాట విని నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఒక మనిషి జీవితంలో మొదటిసారి చేయి చాపి ప్రేమ చూపిస్తే, ఆ ప్రేమే పళ్ళను పెంచి కన్నును గీకిందంటే ఎవరు ఓర్చుకోగలరు?

మత్తు ఇచ్చి పళ్ళు అరగదీశాడు. కింది రెప్ప లోపల కనపడీ కనపడని రంధ్రంలోకి దారం లాంటి గొట్టం పెట్టి, సెలైన్ నీళ్ళు ఎక్కించాడు. మొదటిసారి ఏమీ కదల్లేదు. మళ్ళీ ఎక్కించాడు. ముక్కులోంచి తెల్లటి రసి చుక్కలు చుక్కలుగా బయటికి వచ్చింది. "పూర్తిగ తెరుసుకోలే, కొంచెం తెరుసుకున్నది. కన్ను దక్కుతదనే అనుకుంటున్న. తడి మాత్రం బతికినంత కాలం ఉంటది, తుడుసుకుంట పోవాలె" అన్నాడు. చుక్కల మందు రాసిచ్చాడు. లేవబోతుంటే ఆపి, ఇంకో మాట చెప్పాడు. "ఇంటికి పొయినంక తినిపియ్యాలె. రేపటి దాక తినకుంటె కుందేలు పేగులు ఆగిపోతయి, బతకది. కన్ను కంటె ముందు పాణం చూడుండ్రి."

బస్టాండ్‌లోంచే మా అవ్వకు ఫోన్ చేశాను. అవ్వ అంటే నన్ను కన్న తల్లి. ఆమె నాగిరెడ్డిపేటలో ఉండేది, మా పుట్టింటి పొలం పోచారం చెరువు నీళ్ళ కిందే. మందు కొట్టని గట్టు ఏదో, గరిక ఎక్కడ లేతగా ఉంటుందో ఆమెకు తెలుసు. "కుందేలుకు గడ్డి గోసే బతుకయ్యింది గదనే నాది" అని నవ్వింది. తెల్లారి మొదటి బస్సులోనే గరిక కట్ట పంపింది, పాత చీర పేలికతో ముడివేసి, డ్రైవర్ పక్కన పెట్టించి. నేను బస్టాండ్‌కు పోయి దించుకుని వచ్చాను. కట్టకు ఇంకా మంచు తడి ఉంది.

కుందేలు అప్పటిదాకా ఏమీ తినలేదు. రాత్రి కొత్తిమీర పెడితే మొహం తిప్పుకుంది. ఇప్పుడు గరిక పెట్టినా అంతే. బుట్ట మూలకు ఒదిగి, వీపు గూనిగా చేసుకుని కళ్ళు మూసుకుంది. పొద్దెక్కుతోంది. నేను ఎన్నిసార్లు అందించినా మూతి కూడా కదపలేదు. అత్తమ్మ వసారాలో అదే చోట, అదే తీరుగా, చేతులు కొంగులో చుట్టుకుని కూర్చుంది.

నాకు ఒళ్ళు మండింది. "ఎందుకట్ల కూసున్నవు బొమ్మ లెక్క? సబ్బున్నది, నీళ్ళున్నయి. కడుక్కుని వచ్చి నువ్వు పెట్టు. నా చేతుల తినది అది" అన్నాను.

"నా కొడుకే తినలే నా చేతులకెళ్ళి" అంది.

అన్నేళ్ళ కింద మా ఆయన నవ్వుతూ చెప్పిన ముచ్చట ఆమె అన్నేళ్ళూ మోసింది. నేను లోపలికి పోయి బకెట్ నిండా నీళ్ళు, సబ్బు, సగం కోసిన నిమ్మకాయ తెచ్చి ఆమె ముందు పెట్టాను. ముంచి పోశాను. ఆమె కడుక్కుంది. మోచేతుల దాకా, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద. నిమ్మచెక్కతో రుద్దుకుని మళ్ళీ సబ్బు పెట్టింది. తర్వాత రెండు చేతులూ నా మొహం దగ్గర పెట్టి, "ఇంక వాసనున్నదా?" అని అడిగింది.

"ఉన్నది" అన్నాను. అబద్ధం చెప్పే చోటు కాదది.

మళ్ళీ కడుక్కుంది. నీళ్ళు పోసి పోసి నా చేయి నొప్పి పుట్టింది. "ఇప్పుడు?"

కొంచెం ఉంది. ఆ వాసన పోవాలంటే ఆ చర్మం మారాలి. "లేదు అత్తమ్మా. పో, పెట్టు" అన్నాను.

ఆమె బుట్ట ముందు కూర్చుని ఒక గరిక పోచ తీసి దాని మూతి దగ్గర పట్టుకుంది. చెవులపిల్లా అని కూడా పిలవలేదు. దాని ముక్కు కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. తర్వాత పోచ చివర పట్టుకుని లాక్కుంది. పోచ కొంచెం కొంచెంగా లోపలికి పోతుంటే నమిలే చప్పుడు మాకు వినపడింది. ఇంకో పోచ పెట్టింది. అది కూడా తింది. అత్తమ్మ నా వైపు తిరిగి, "తిన్నది" అని చెప్పింది, నేను చూడనట్టుగా.

కన్ను దక్కింది. నల్లగుడ్డు కింద సన్నటి తెల్లగీత ఒకటి మిగిలిపోయింది, దగ్గరికి వచ్చి చూస్తేనే కనిపిస్తుంది. తడి మాత్రం డాక్టర్ చెప్పినట్టే ఉండిపోయింది. మామయ్య పాత ధోతీ చింపి, చిన్న చిన్న ముక్కలు చేసి, అంచులు మడిచి కుట్టి ఇచ్చాను. వాటిని ఆమె వేరే గిన్నెలో ఉడకబెట్టి, వేరే తాడు మీద ఆరేసేది. ఆ తాడు మీద నా జాకెట్ గుడ్డ ఒకటి ఆరేస్తే నన్ను తిట్టింది. తంబాకు డబ్బా అటక దిగింది. ఇప్పుడు వసారాలో కాకుండా ఇంటి ముందు అరుగు మీద చుడుతుంది. పని అయ్యాక చేతులు కడుక్కుని, చీర మార్చుకుని, అప్పుడు కుందేలు దగ్గరికి వస్తుంది. బిస్కెట్లు బంద్. గడ్డి నాగిరెడ్డిపేట నుంచి బస్సులో వచ్చేది. కట్ట అందగానే అత్తమ్మ నా ఫోన్ అడిగి తీసుకుని, "అందింది వదినె, మంచిగున్నది గడ్డి" అని చెప్పేది. వియ్యపురాళ్ళిద్దరూ పెళ్ళిలో కూడా అంత మాట్లాడుకోలేదు.

ఎండాకాలంలో మా అవ్వ చనిపోయింది. పొద్దున పొలం నుంచి వచ్చి, చాతీలో ఎట్లనో ఉందని పడుకుందట, మళ్ళీ లేవలేదు. మా అన్న ఫోన్ చేసేసరికి అంతా అయిపోయింది. అత్తమ్మ కూడా నాతో వచ్చి, దహనం అయ్యాక, కుందేలు ఒంటరిగా ఉందని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. దినాలు అయ్యేదాకా నేను అక్కడే ఉన్నాను. నాకు ఏడుపు రాలేదు. అందరూ ఏడుస్తుంటే నాకు కోపం వచ్చేది. వంటవాళ్ళ మీద, చుట్టాల మీద, నీళ్ళ డ్రమ్ము మూత సరిగా పెట్టని వాళ్ళ మీద. పెద్దకొడప్‌గల్ నుంచి వచ్చిన మా మేనత్త, "ఈ పిల్ల గుండె రాయి" అని పక్కామెకు చెబుతుంటే విన్నాను.

బయల్దేరే రోజు ఇంటి పక్క గోడ దగ్గర చెప్పులు వేసుకుంటుంటే కనిపించింది. గరిక కట్ట. పాత చీర పేలికతో ముడివేసి ఉంది. చనిపోయిన రోజు పొద్దున కోసుకొచ్చిందే. బస్సుకు ఇవ్వాలని గోడకు ఆనించి, కాసేపు నడుం వాల్చింది. అన్ని రోజుల ఎండకు పూర్తిగా ఎండిపోయింది. అంత మంది వచ్చిపోయే ఇంట్లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నేను తీసుకుని బస్సెక్కాను. ఎల్లారెడ్డి వచ్చేదాకా ఒడిలోనే పెట్టుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ అరుగు మీద బీడీలు చుడుతోంది. నన్ను చూసింది, నా చేతిలో కట్టను చూసింది. ఆ ముడి ఎవరిదో ఆమెకు చెప్పాల్సిన పని లేదు. చాట పక్కన పెట్టి, నా వెనకే లోపలికి వచ్చింది. "ఎండిపోయింది" అన్నాను.

"ఎండినా తింటది. మంచిదే అన్నడు గద డాక్టరు" అంది.

నేను ముడి విప్పబోయాను. ఎండి బిగుసుకుపోయింది, నా గోళ్ళకు రాలేదు. అప్పుడు వచ్చింది ఏడుపు. అక్కడ అన్ని రోజులూ రానిదంతా ఆ ముడి దగ్గర వచ్చింది. నిలబడే ఏడ్చాను, చిన్నపిల్లలాగా, ముక్కూ కళ్ళూ ఒకటయ్యేలా.

అత్తమ్మ దగ్గరికి వచ్చింది. కొంగు చేతిలోకి తీసుకుని నా మొహం దాకా ఎత్తింది. ఎత్తి ఆగిపోయింది. కొంగు వదిలేసి, గిరుక్కున తిరిగి వసారాలోకి వెళ్ళిపోయింది. ఎప్పటిలాగే తప్పుకుంది అనుకున్నాను. కానీ నీళ్ళ చప్పుడు వినిపించింది. డ్రమ్ములోంచి ముంచుకుని కడుక్కుంటోంది. చాలాసేపు కడుక్కుంది. నేను ఏడుస్తూనే ఆ చప్పుడు విన్నాను.

తడి చేతులతో వచ్చింది. తాడు మీంచి రెండు ధోతీ ముక్కలు తెచ్చింది, కుందేలువి. కాచిన నీళ్ళలో ముంచి పిండింది. కుందేలు మూతి పట్టుకున్నట్టే నా గడ్డం కింద చేయి పెట్టి మొహం పైకెత్తి, ముక్కు దిక్కు నుంచి బయటికి మెల్లగా తుడిచింది. ఆ ముక్క పక్కన పడేసి, రెండో కంటికి రెండో ముక్క తీసుకుంది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఇన్నేళ్ళలో ఆమె చేయి నాకు తగలడం అదే మొదటిసారి. అవ్వ కట్టిన ముడిని తనే విప్పి, కొంత గడ్డి బుట్టలో వేసి, ఆ పేలికను మడిచి నా గుప్పిట్లో పెట్టింది.

"ఎప్పుడు తిన్నవు?" అని అడిగింది.

నాకు గుర్తులేదు.

పళ్ళెంలో అన్నం పెట్టి, పచ్చిపులుసు పోసింది. గరిటె పక్కన పెట్టేసింది. చేత్తోనే కలిపింది. ముద్ద చేసి నా నోటి దాకా తెచ్చి, అక్కడే ఆపి, నా కళ్ళలోకి చూడకుండా, "చేదుంటదేమో" అంది.

నేను నోరు తెరిచాను. పులుపు తగిలింది, ఉప్పు తగిలింది, వాటి వెనకే నాలుక చివర కొంచెం చేదు కూడా తగిలింది. బుట్టలో కుందేలు మా అవ్వ కోసిన గడ్డి నములుతున్న చప్పుడు వినపడుతోంది.

"ఉన్నదా?" అని అడిగింది అత్తమ్మ.

"లేదు అత్తమ్మా" అన్నాను, ఇంకో ముద్ద పెట్టమని నోరు తెరిచాను.